కళాశాల గడప కీవలి విద్యార్థులు

మంగళగిరి చేనేత వీధులలో తెల్లవారకమునుపే రాట్నముల చప్పుడు వినవచ్చెడిది. గుంట మగ్గమున కూర్చున్న వాని వెనుక కుటుంబమంతయు ఉండెడిది. ఒకరు పడుగు సాగదీసి గంజి పెట్టుదురు. ఒకరు అతుకులు వేయుదురు. ముసలివారును పిల్లలును కండెలు చుట్టుదురు. మాట తడబడు పిల్లవాడు, ఎన్ని యేండ్లు చెప్పినను ఎక్కము రాని పిల్లవాడు, ఆ యింట పనిలేనివాడు కాడు. నాడెకు కండె అందించు చేయి వానిదే. అట్లని ఆ కాలమును మరీ మెచ్చుకొన పనిలేదు. వానికి చోటు దొరకినదే గాని చదువు దొరకలేదు. వీధి పిల్లల ఎగతాళియు తప్పలేదు.

నేడు ఆ ఊరి చుట్టును విద్యాలయములే. 1976లో నంబూరు చెంత నాగార్జున విశ్వవిద్యాలయము వెలసినది. వడ్డేశ్వరమున, నీరుకొండలో ప్రైవేటు విశ్వవిద్యాలయములు వచ్చినవి. 2018 నుండి అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో వైద్యవిద్యార్థులు చదువుచున్నారు. ఉదయమున విద్యార్థులను ఎక్కించుకొని బస్సులు బారులు తీరి పోవును. పందొమ్మిదేండ్ల యువకు డొకడు అరుగుపై కూర్చుండి, తన తమ్ముడు బస్సెక్కుటను చూచుచున్నాడని ఊహింపుడు. చిన్ననాడు ఇరువురును ఒకే బడికి పోయిరి. తమ్ముడు తరగతులు దాటెను. అన్న ఆగిపోయెను. ఇంట మగ్గమును లేదు. కళాశాలలో చోటును లేదు.

ఇట్టివారిని పెద్దలు మందబుద్ధులనిరి. 1995 నాటి చట్టము ‘మానసిక మాంద్యము’ అన్నది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ‘మేధోవైకల్యము’ అన్నది. పేరు మారుట చిన్న సంగతి కాదు గాని, దానితోనే పని తీరదు. నేటికిని చదువుకొన్నవారే దీనిని పిచ్చితో కలిపి మాటలాడుదురు. అది వ్యాధి, ఇది నేర్చుకొనుటలోను, తర్కించుటలోను, నిత్యజీవన వ్యవహారములలోను కనబడు మందగమనము. ఔషధముతో పోవునది కాదు. బోధనతో ముందుకు సాగునది. 1984లో సికింద్రాబాదున జాతీయ సంస్థ నొకదానిని స్థాపించినది ఈ బోధన కొరకే.

2016 నాటి చట్టము నలువది శాతము మొదలు వైకల్యము గల బాలలకు ఆరవ యేటినుండి పదునెనిమిదవ యేటి వరకు ఉచిత విద్య నిచ్చినది. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాలయములలో నూటికి అయిదు సీట్లకు తక్కువ కాకుండ కేటాయింపుమన్నది. పరీక్షలలో అదనపు కాలము, వ్రాయసకాడు, రెండవ మూడవ భాషల మినహాయింపు కూడ పేర్కొన్నది. అయినను ఆ అయిదు సీట్లలో ఒకటి మన యువకునకు దక్కవలెనన్న మొదట ఇంటర్మీడియటు గట్టెక్కవలెను. మెట్లు లేని మేడపై గది కేటాయించినట్లున్నది.

గట్టెక్కినవారు లేకపోలేదు. డౌన్ లక్షణముతో పుట్టిన పాబ్లో పినేదా స్పెయిన్ దేశమున మాలగా విశ్వవిద్యాలయమున చదివి పట్టము పొందెను. కాని అందరును పినేదాలు కానక్కరలేదు. కెనడాలో ఆల్బర్టా విశ్వవిద్యాలయము 1987 నుండి మరియొక త్రోవ తెరచినది. మేధోవైకల్యము గల యువకులు తమకు నచ్చిన తరగతులలో శ్రోతలై కూర్చుందురు. తోడి విద్యార్థులు చేదోడుగా నుందురు. అమెరికాలో 2008 నాటి చట్టము ఇట్టి విద్యార్థులకు ప్రభుత్వ ధనసహాయము పొందు వీలును కల్పించినది.

ఇచ్చట అధ్యాపకు లడుగు ప్రశ్న సహేతుకమైనదే: అరువదిమంది గల తరగతిలో ఇది సాధ్యమా, ప్రమాణములు పడిపోవా? శ్రోతగా వచ్చువాడు పట్టమును కోరుట లేదు. రాని చదువు వచ్చినదని పత్రమిచ్చుట వానికే అన్యాయము. వానికి వలసినది ఈడువారి సహవాసము, గ్రంథాలయమున బొమ్మల పుస్తకము, వార్షికోత్సవ నాటకమున తెర లాగు పనియైనను. ఒకసారికి ఒక సంగతి, చిన్న వాక్యములలో, చూపి చెప్పిన చాలును. అట్టి బోధన వలన మిగిలిన అరువదిమందికిని నష్టము లేదు. చేనేత సహకార సంఘములపై పాఠము జరుగునాడు, కండె చుట్టిన చేయి గలవాడు తరగతిలో ఒక్కడే కావచ్చును. కాని ఒక అపాయమున్నది. సేవాశిబిరమున వానితో ఛాయాచిత్రము తీయించుకొని, మరునాడు మరచిపోవుట. అది స్నేహము కాదు. అంతకంటె ఇంటనుండుటయే మేలు.

ఆడపిల్ల యైనచో కష్టము రెట్టింపు. ఆమెను వీధి మలుపు దాటనిచ్చుటకే తల్లి జంకును. ఆ జంకును తప్పుపట్టు అధికారము, తోడు చూపనివారికి లేదు. ‘మా తరువాత దీని గతి యేమి’ అని రాత్రులు నిద్రపోని తల్లిదండ్రులకు కళాశాల కోరిక మిక్కిలి దూరముగా తోచును. ప్రభుత్వోద్యోగములలో ఇట్టివారికిని మరికొన్ని వర్గములవారికిని కలిపి నూటికొకటి కేటాయించినారు. ఆ కొలువునకును అర్హతపత్రము కావలెను.

అందుచేత పని మొదలిడవలసినది తరగతి గదిలో కాదు, బస్సు వద్ద. ప్రత్యేక ఉపాధ్యాయులు ప్రతి పనిని చిన్న మెట్లుగా విడగొట్టి నేర్పుదురు. మొదటి వారము తమ్ముడు వెంట కూర్చుండును. రెండవ వారము వెనుక వరుసలో నుండును. ఆపై ఎన్ని వారములు పట్టునో పట్టును. సాయంకాలము కిటికీలోనుండి గాలిగోపురము కనబడగానే లేచి నిలువవలెనని, తరువాతి స్టాపులో దిగవలెనని అన్న నేర్చుకొనును.