పగిడ్యాల ఎండకు కంప్యూటరుకూ నీళ్ళు!

పగిడ్యాల: ఎండలో దుక్కి దున్నే ట్రాక్టరుకు రేడియేటరులో నీళ్ళు తగ్గితే ఏమవుతుందో ఈ ప్రాంత రైతులకు చెప్పనక్కరలేదు. ఇంజను వేడెక్కి మొరాయిస్తుంది. బల్లమీది కంప్యూటరుదీ అదే తంతు. దాని మెదడు వంటి ప్రాసెసరు వేడి 100 డిగ్రీలను సమీపిస్తే ముందు పని నెమ్మదిస్తుంది. ఆ పైన కంప్యూటరు తనంతట తానే ఆగిపోతుంది. పెళ్ళి వీడియోలు కూర్చి పొట్టపోసుకునే వారికి సరిగ్గా గిరాకీ వేళకే ఈ ఇబ్బంది.

ప్రాసెసరును నీటితో చల్లబరచడం కొత్త సంగతి కాదు. 1980లో ఐ.బి.ఎం. సంస్థ ప్రకటించిన 3081 అనే భారీ కంప్యూటరు నీటితోనే చల్లబడేది. ఆ ఏర్పాటును ఇంట్లోనే చేసుకునే ఔత్సాహికులు నేడు అనేక దేశాల్లో ఉన్నారు.

కావలసినవి కొద్దే. ప్రాసెసరుపై బిగించే బోలు రాగి దిమ్మె, చిన్న పంపు, గొట్టాలు, ఫ్యాను అమర్చిన రేడియేటరు, ఒక నీటి డబ్బా. ముచ్చుమర్రి ఎత్తిపోతల మోటార్లను చూసిన వారికి పంపు పని తెలిసిందే. అయితే ఇక్కడ నీరు పొలానికి పారదు. దిమ్మెలోని వేడిని మోసుకుపోయి, రేడియేటరులో దించి, మళ్ళీ దిమ్మెకే వస్తుంది.

రేడియేటరు ఎందుకు, బకెట్టు నీళ్ళు చాలవా అనవచ్చు. ఈ లెక్క చూడండి. 100 వాట్ల వేడికి లీటరు నీరు నిమిషానికి దాదాపు 1.4 డిగ్రీలు వేడెక్కుతుంది. 20 లీటర్ల బకెట్టయితే గంటకు 4 డిగ్రీల పైచిలుకు. పొద్దున పని మొదలుపెడితే మధ్యాహ్నానికి అవి స్నానానికి కాచిన నీళ్ళే!

అసలు చిక్కు మరొకటి ఉంది. రేడియేటరు నీటిని గదిలోని గాలికంటే చల్లగా చేయలేదు. గదిలో 42 డిగ్రీలుంటే నీరు అంతకన్నా వేడిగానే ఉంటుంది. మట్టి కుండ మాత్రం తడి ఆరుతూ ఆ పని చేస్తుంది. కాని ఆవిరైన కొద్దీ నీరు తగ్గి, లవణాలు మిగులుతాయి.

జాగ్రత్తలూ ముఖ్యమే. బోరు నీరు పోయరాదు. సున్నం పేరుకుని దిమ్మెలోని సన్నని దారులు మూసుకుపోతాయి. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటరు మేలు. రాగి దిమ్మెకు అల్యూమినియం రేడియేటరు జతచేస్తే అల్యూమినియం తినేసుకుపోతుంది. రాగి, ఇత్తడితో చేసినదే తగినది. కారిన నీరు లోపలి బోర్డుపై పడితే యంత్రమే పోవచ్చు. కనుక కంప్యూటరుకు కరెంటు ఇవ్వకుండా, పంపును మాత్రమే 24 గంటలు నడిపి, అతుకుల కింద కాగితం పరచి చూడాలి. కాగితం తడిస్తే పని మళ్ళీ మొదటికే.

వీటన్నిటికంటే ముందు చేయవలసింది ఒకటుంది. ఫ్యానులో పేరుకున్న దుమ్ము దులిపి, ప్రాసెసరుపై ఎండిపోయిన పేస్టు మార్చి చూడాలి. చాలా కంప్యూటర్లకు ఈ పాటి సేవ చాలు. ట్రాక్టరు ఆగితే ముందు నీళ్ళు చూస్తాం. కంప్యూటరు ఆగితే ముందు దుమ్ము చూడాలి.