జీపునకు ముందుగా ఏమి మార్చవలెను?

నల్లరేగడి దారిలో జీపు నడుపు రైతు ముందుగా డబ్బు పెట్టవలసినది టైర్లమీద. నాలుగు చక్రములకును శక్తి అందినను, అరిగిన టైరుకు బురద పట్టినచో చక్రము ఉన్నచోటనే తిరుగును. లోతుగా, ఎడముగా గాడులున్న టైరు బురదను విదిలించుకొనును. ఇసుక వాగులో గాలిని 30 పౌనుల నుండి సుమారు 20కి తగ్గించిన పట్టు పెరుగును. తారురోడ్డు ఎక్కకముందే మరల నింపవలెను.

పొడవైన స్ప్రింగులు వేసి బండిని ఎత్తుచేయుట కొందరికి వేడుక. బాడీ లేచును గాని, ఇరుసు నడుమనున్న డిఫరెన్షియలు గుండు అంగుళమైనను లేవదు. గట్టు వాలులో బండి పక్కకు బోల్తాపడు భయము మాత్రము హెచ్చును.

తరువాత కొనదగినవి చాసిస్‌కే బిగించు కొక్కెములు, గట్టి మోకు. బంపరుకు కట్టి లాగినచో అది ఊడివచ్చి మనుషులకు తగులవచ్చును. ఊరిలో ట్రాక్టరుండగా ఖరీదైన వించి ఎందుకు?