రంగు చెప్పే లెక్క

బళ్ళారి జిల్లా సండూరు తాలూకాలో కూరెకుప్ప ఉంది. దాని పక్కనే తోరణగల్లులో పెద్ద ఉక్కు కర్మాగారం ఉంది. సండూరు కొండలలో ఇనుప ఖనిజం, మాంగనీసు ఖనిజం రెండూ దొరుకుతాయి. ఈ రెండు లోహాల లవణాలు గాజు పాత్రలో కలిసినప్పుడు ఏమి జరుగుతుందో తరగతిగదిలో చేసే ఒక చిన్న ప్రయోగం వల్ల తెలుస్తుంది.

అన్నభేది ఇనుము లవణం. దీనినే ఫెర్రస్ సల్ఫేటు అంటారు. ఉపాధ్యాయుడు దీనిని నీటిలో కరిగించి, కొద్దిగా సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కలుపుతాడు. ద్రావణం లేత ఆకుపచ్చగా ఉంటుంది. మరొక పాత్రలో పొటాషియం పర్మాంగనేటు ద్రావణం తీసుకొంటాడు. ఇది మాంగనీసు సమ్మేళనం. బావినీటిలోని క్రిములను చంపడానికి పల్లెలలో వాడుతూ వచ్చిన ఊదారంగు మందు ఇదే.

ఈ ఊదా ద్రావణాన్ని చుక్కచుక్కగా అన్నభేది ద్రావణంలో వేసి కలుపుతూ ఉంటే, పడిన చుక్క రంగు పడినట్టే మాయమవుతుంది. చివరకు ఒక్క చుక్కతో ద్రావణమంతా లేత గులాబీ రంగుకు మారి, అలాగే నిలిచిపోతుంది.

దీనికి కారణమేమిటి? ఫెర్రస్ అయాను ఒక ఎలక్ట్రానును కోల్పోయి ఫెర్రిక్ అయానుగా మారుతుంది. ఇది ఆక్సీకరణం. ఊదారంగు పర్మాంగనేటు అయాను 5 ఎలక్ట్రాన్లను గ్రహించి, దాదాపు రంగులేని మాంగనస్ అయానుగా మారుతుంది. ఇది క్షయకరణం. ఇచ్చేది లేనిదే పుచ్చుకొనేది ఉండదు. కనుక ఈ రెండు చర్యలూ ఎప్పుడూ జంటగానే జరుగుతాయి. ఒక పర్మాంగనేటు అయానుకు 5 ఫెర్రస్ అయాన్లు కావాలి. ఫెర్రస్ అయాన్లు అయిపోగానే గులాబీ రంగు నిలుస్తుంది.

ఇది కేవలం వేడుక కాదు. వాడిన ద్రావణం పరిమాణాన్ని బట్టి ఇనుము ఎంత ఉందో లెక్క కట్టవచ్చు. 1846లో ఫ్రెంచి రసాయనవేత్త మార్గరిట్ ఈ పద్ధతిని ప్రవేశపెట్టాడు. ఖనిజాన్ని ఆమ్లంలో కరిగించి, అందులోని ఇనుమునంతా ఫెర్రస్ రూపానికి తెచ్చి పరీక్షిస్తారు. ఖనిజం విలువ అందులోని ఇనుము శాతాన్ని బట్టి ఉంటుంది. పరీక్ష చేసేవాడు ఏమరుపాటుతో చుక్కలు ఎక్కువ వేస్తే, తక్కువ రకం ఖనిజం కూడా మేలురకంగా లెక్కకు వస్తుంది.

బ్లాస్ట్ కొలిమిలో జరిగేదీ ఇటువంటి చర్యే. కార్బన్ మోనాక్సైడు ఎర్రని ఖనిజం నుండి ఆక్సిజన్‌ను తీసుకొని కార్బన్ డయాక్సైడుగా మారుతుంది. ఇనుము మిగులుతుంది. ఆ ఇనుమే గాలికి, తడికి వదిలేస్తే తుప్పుపట్టి మళ్ళీ ఎర్రబడుతుంది.