వీపీఎన్ యాప్ మళ్లీ మళ్లీ రిజెక్ట్ అవుతుంటే ముందు చూడాల్సింది కోడ్ కాదు

ఇవాళ చర్ల నుంచి ఒక తమ్ముడు పంపిన ప్రశ్న తీసుకుందాం. బీటెక్ అయ్యాక ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి మొబైల్ వీపీఎన్ యాప్ రాశాడు. భద్రాచలం దాటి దుమ్ముగూడెం మీదుగా చర్ల వైపు పోతుంటే సిగ్నల్ వస్తూ పోతూ ఉంటది కదా, నెట్ తెగినప్పుడల్లా టన్నెల్ దానంతటదే మళ్లీ కలుపుకునేలా చేశాడు. చిన్న పని కాదది. కానీ స్టోర్ వాళ్లు నాలుగుసార్లు తిప్పి పంపారు. ప్రతిసారీ కోడ్‌లో ఏదో ఒకటి మార్చి మళ్లీ పెడుతున్నాడు. ‘అన్నా, ఇంకా ఏం మార్చాలి?’ అంటున్నాడు.

తమ్ముడూ, నీ డెవలపర్ అకౌంట్ నీ సొంత పేరు మీద ఉందని రాశావ్. బండి ఆగింది అక్కడే.

వీపీఎన్ అంటే కాలిక్యులేటర్ యాప్ లాంటిది కాదు. ఫోన్ నుంచి బయటికెళ్లే ట్రాఫిక్ నీ సర్వర్ మీదుగా పోతుంది. హెచ్‌టీటీపీఎస్ ఉంటే లోపలి మెసేజ్ నీకు కనపడకపోవచ్చు, కానీ ఎవరు ఏ సైట్‌కి ఎప్పుడెళ్లారో చాలావరకు తెలిసిపోద్ది. అందుకే యాపిల్ గైడ్‌లైన్స్‌లో 5.4 చదువు: వీపీఎన్ యాప్ ఇచ్చేవాళ్లు ఆర్గనైజేషన్‌గా నమోదై ఉండాలి. గూగుల్ ప్లే కూడా వీపీఎన్‌సర్వీస్ వాడే యాప్‌లకి ఆర్గనైజేషన్ అకౌంటే అడుగుతోంది. దానికి డీయూఎన్‌ఎస్ నంబర్ కావాలి. ఉత్త షాపు పేరు పెట్టుకుంటే యాపిల్ దగ్గర చెల్లదు; ఎల్‌ఎల్‌పీయో, ప్రైవేట్ లిమిటెడ్డో, చట్టప్రకారం ఒక సంస్థ ఉండాలి. ఖమ్మంలో ఎవరైనా సీఏని అడుగు, ఖర్చు ముందే లెక్కేసుకో. విసుగొచ్చి వేరే పేరుతో కొత్త అకౌంట్ మాత్రం తెరవకు. పాతది టర్మినేట్ అయితే, దానితో సంబంధం ఉందని తేలినవి కూడా పోయే ప్రమాదం ఉంది.

అసలు చిక్కు ప్రైవసీ పాలసీలో ఉంది. ‘నో లాగ్స్, మేం ఏమీ దాచం’ అని రాశావ్. ఏదో విదేశీ యాప్ నుంచి ఎత్తుకొచ్చిన మాట అని చూడగానే తెలుస్తోంది! మన దగ్గర సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు ఉన్నాయి. కస్టమర్ పేరు, అడ్రస్, ఫోన్ నంబర్, ఈమెయిల్, కేటాయించిన ఐపీ, ఎందుకు తీసుకున్నాడన్నది, ఇవన్నీ అతను మానేశాక కూడా ఐదేళ్లు ఉంచాలి. అది కుదరదనే ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్‌వీపీఎన్ ఇండియాలో తమ సర్వర్లు తీసేశాయి. నువ్వు చర్లలో కూర్చుని ఎక్కడికి పోతావ్? అయితే ఆ జాబితాలో కస్టమర్ ఏ సైట్ చూశాడన్నది లేదు. కాబట్టి ఉన్నదున్నట్టు రాయి: ‘మీరు చూసే సైట్ల వివరాలు దాచం, పేరు, నంబర్, ఇచ్చిన ఐపీ చట్టప్రకారం ఉంచుతాం.’ సిస్టమ్ లాగ్స్ 180 రోజులు ఉంచాలన్న నిబంధన కూడా ఆ ఆదేశాల్లోనే ఉంది, అందుకే ఒక లాయర్‌తో చదివించాకే పెట్టు. యూజర్ కనెక్ట్ బటన్ నొక్కకముందే ఈ ముక్క స్క్రీన్ మీద కనపడాలని యాపిల్ షరతు. ఇక యాడ్స్ ఎస్‌డీకే పెట్టుకుని, గూగుల్ డేటా సేఫ్టీ ఫారంలో ‘డేటా ఏమీ తీసుకోం’ అని టిక్ కొడితే దొరికిపోతావ్.

ఇవన్నీ చేసినా గ్యారంటీ లేదు. 2025 జనవరి మొదట్లో వచ్చిన వార్తల ప్రకారం, కేంద్ర హోం శాఖ ఆదేశంతో ఇండియా స్టోర్ల నుంచి తీసేసిన యాప్‌లలో క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల 1.1.1.1 కూడా ఉంది. అంత పెద్ద కంపెనీకే తప్పలేదు.

రివ్యూయర్ సంగతి కూడా ఆలోచించు. అతను చర్లలో ఉండడు. ఇండియా నంబర్ ఉంటుందని, ఓటీపీ వస్తుందని అనుకోకు. డెమో లాగిన్ ఇవ్వు, సర్వర్ ఆన్‌లో ఉంచు. కోడ్‌లో చూడాల్సింది నాకు ఒక్కటే కనిపిస్తోంది: ఐపీవీ6 మాత్రమే ఉన్న నెట్‌వర్క్‌లో కూడా యాప్ పనిచేయాలని యాపిల్ 2016 జూన్ నుంచి అంటోంది. సర్వర్ అడ్రస్ అంకెల్లో రాసేస్తే అక్కడ కనెక్ట్ కాకపోవచ్చు. డొమైన్ పేరు వాడు.

ఇదంతా చెప్పాక ఒకటి అడుగుతా. ఈ యాప్ ఎవరికి? భద్రాచలం చుట్టుపక్కల ఇంటి నుంచి పనిచేసే ఒకే ఆఫీసు వాళ్లు ముప్పై మంది అని నీ మెయిల్ చివర్లో ఉంది. అలాగైతే నీకు స్టోర్‌లో సొంత యాప్ ఎందుకు? వైర్‌గార్డ్ యాప్ రెండు స్టోర్లలోనూ ఉచితంగా ఉంది. ఆఫీసు వైపు సర్వర్ పెట్టి ఒక్కొక్కరికి ఒక క్యూఆర్ కోడ్ ఇస్తే చాలు. వైఫై నుంచి సిమ్‌కి మారినా అది దానంతటదే కలుపుకుంటది. కార్పొరేట్ వీపీఎన్‌లకి ఆ కస్టమర్ వివరాల నిబంధన వర్తించదని సర్ట్-ఇన్ తన ప్రశ్నలు-జవాబుల్లో చెప్పింది కూడా. ఈ వారం ముందు ఆ ముప్పై మందికి క్యూఆర్ కోడ్లు ఇచ్చి, పర్సిస్టెంట్ కీపలైవ్ 25 సెకన్లకి పెట్టి, దుమ్ముగూడెం రోడ్డు మీద ఒక రౌండ్ తిరిగి చూడు. కంపెనీ పెట్టాలా వద్దా అన్నది ఆ తర్వాత మాట్లాడుకుందాం.