దారంతో అల్లిన టర్కీ కోడి
అమెరికా పండుగ బల్లపై చేతి అల్లిక ముచ్చట

మనకు సంక్రాంతి ఎలాంటిదో అమెరికా వారికి థాంక్స్‌గివింగ్ అలాంటిది. పంట చేతికి వచ్చినందుకు దేవునికి కృతజ్ఞత చెప్పుకునే పండుగ యిది. 1621లో ప్లిమత్ అనే చోట, ఇంగ్లండు నుంచి వలస వచ్చినవారు, అక్కడి వాంపనోగ్ తెగవారు కలిసి మూడు రోజులు చేసిన విందు దీనికి మూలమని చెబుతారు. 1863లో అధ్యక్షుడు అబ్రహాం లింకన్ దేశమంతటా దీనిని జరపాలని ప్రకటించారు. నవంబరు నాలుగవ గురువారం జరపాలన్నది 1941లో చట్టమయింది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ అది సెలవు రోజే.

మన సంక్రాంతికి కోడిపుంజు బరిలో దిగుతుంది. వారి పండుగకు టర్కీ కోడి విందులోకి వస్తుంది. ఇది మన నాటుకోడి కంటే ఎన్నో రెట్లు పెద్దది. దీని పుంజు నెమలి పురి విప్పినట్టు తోకను విసనకర్రలా విప్పుతుంది. ముక్కు మీదుగా ఎర్రని కండ వేలాడుతూ వుంటుంది. అసలు కోడి వంటింట్లో కాలుతుంటే, భోజనాల బల్ల మధ్య దారంతో అల్లిన రంగురంగుల కోడి కొలువు తీరుతుంది. అల్లిక తెలిసిన ఆడవారు వీటిని పండుగకు ముందే సిద్ధం చేసుకుంటారు. కొందరు సంతల్లో అమ్మకానికి కూడా పెడతారు.

అల్లే తీరు మన లేసు పనివారికి కొత్తది కాదు. కావలసినవి కొక్కెం వున్న సూది, ఊలు దారం. ముందు 6 కుట్లతో చిన్న వలయం వేస్తారు. తర్వాత వరుసకు 6 చొప్పున పెంచుతూ 12, 18, 24, 30, 36 కుట్లకు తెస్తారు. 36 కుట్లతో 8 వరుసలు అల్లి, మళ్లీ 6 చొప్పున తగ్గించుకుంటూ వస్తారు. మూతి ముడవక ముందే లోపల దూది కూరుతారు. ఒంటికే 504 కుట్లు పడతాయన్నమాట. తోకకు గోధుమ, ఎరుపు, నారింజ, పసుపు రంగుల అర్ధచంద్రాలు విడిగా అల్లి వెనుక అతుకుతారు. ఆకులు రాలే కాలంలో అక్కడి చెట్లకు వచ్చే రంగులివే. పసుపు ముక్కు, ఎర్రని కండ, నల్లపూసల కళ్లు పెడితే కోడి తయారు. చేయి తిరిగినవారికి కూడా యిది కొన్ని గంటల పని.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటి వుంది. స్వెట్టరు అల్లడానికి యంత్రం వచ్చింది. గుడ్డ నేయడానికి మరమగ్గం వచ్చింది. కొక్కెం సూది అల్లికను అచ్చంగా అలాగే అల్లే యంత్రం మాత్రం ఏ కర్మాగారంలోనూ లేదు. అంగడిలో ఎంత చవకగా దొరికినా, అలాంటి కోడి ఎవరో ఒకరు చేత్తో కుట్టు కుట్టూ వేసినదే.

ఈ మాట విలువ నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల వారికి వేరే చెప్పనక్కరలేదు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన లేసు అల్లిక గోదావరి తీర గ్రామాల్లో తల్లి నుంచి కూతురికి వస్తూ వుంది. ఇక్కడి లేసు బల్లగుడ్డలు, దిండు గలేబులు అమెరికా, యూరపు దేశాలకు వెళుతున్నాయి. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది.

పేరు వచ్చినంతగా కూలి పెరగాలి కదా! జర్మనీకి చెందిన మరియా మీస్ నరసాపురం లేసు పనివారి గురించి రాసిన పుస్తకం 1982లో వెలువడింది. లోకమంతా అమ్ముడుపోయే సరుకు తయారు చేస్తున్నా, వీరిని పనివారుగా కాక, తీరిక వేళ పొద్దుపుచ్చే ఇల్లాళ్లుగా చూడడం వల్లనే కూలి అంత తక్కువగా వుందని ఆమె తేల్చి చెప్పారు.

అమెరికా ఇల్లాలు తన సరదా కోసం అల్లే కోడికి ఖరీదు లేదు. బతుకు తెరువు కోసం అల్లే చేతికి మాత్రం ప్రతి కుట్టుకూ లెక్క వుండాలి. దారం ఖర్చు రాసుకున్నట్టే పట్టిన గంటలు కూడా పనివారు రాసుకుంటే, బేరం వేళ ఆ చిట్టాయే వారి తరఫున మాట్లాడుతుంది. అల్లే చెయ్యి లేకపోతే దూరదేశపు బల్ల మీద కోడీ లేదు, బల్లగుడ్డా లేదు.