ఎగిరిన ప్రతిసారీ ఒక వరుస: డ్రోన్ లాగ్‌బుక్ ఎలా రాసుకోవాలి

సింధనూరు, గంగావతి వైపు మన క్యాంపుల్లో వరి మడి మీద డ్రోన్ మందు కొడుతుంటే ఇప్పుడు ఎవరూ ఆగి చూడటం లేదు. బరంపురంలో పెళ్ళి వీడియోకి డ్రోన్, హోసూరులో లేఅవుట్ కొలతకి డ్రోన్. 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇచ్చే నమో డ్రోన్ దీదీ పథకం వచ్చాక ఆడపిల్లలు కూడా పైలట్లవుతున్నారు. ఎగరేయడం అందరూ శ్రద్ధగానే నేర్చుకుంటున్నారు. రాయడం దగ్గరే బద్ధకం. ట్రాక్టరు అద్దెకిచ్చే ఇంట్లో గంటల లెక్క పుస్తకం తప్పకుండా ఉంటుంది, అదే ఇంట్లో డ్రోన్‌కి మాత్రం ఉండదు. అడిగితే "అంతా మెషిన్‌లోనే ఉంటుంది కదండీ" అంటారు.

మెషిన్‌లో ఏముంటుందో, ఏం ఉండదో చూద్దాం. ఇలా అనుకోండి. ఆగస్టులో ఒక ఉదయం 6:40కి ఒకరి వరిలో కలుపు మందు కొట్టారు. కొన్ని రోజులకు పక్క చేలో పత్తి ఆకులు బెండాకుల్లా సన్నబడ్డాయి. 2,4-డి లాంటి మందు గాలికి కొట్టుకొచ్చి పడితే పత్తి అలాగే అవుతుంది. పత్తి రైతు పెద్దమనుషుల్ని పిలిచాడు. ఆ పొద్దు గాలి అటు లేదని మీరంటారు, ఉందని ఆయనంటాడు. సరే, డ్రోన్ లాగ్ తెరిచి చూపిద్దామని కంప్యూటర్‌లో పెడితే, ఎగిరిన సమయం 01:10 అని ఉంది. "అర్ధరాత్రి ఎగరేశావా?" అని మొదటి ప్రశ్న. ఇన్సూరెన్స్ మనిషి అడిగినా ఇదే అడుగుతాడు.

నిజానికి అందులో మోసం ఏమీ లేదు. చాలా డ్రోన్లు సమయాన్ని జీపీఎస్ నుంచి తీసుకుంటాయి. ఆ లాగ్‌ను తెరిచే సాఫ్ట్‌వేర్‌ని బట్టి అది మన గడియారంలో కాక యూటీసీలో కనబడవచ్చు. యూటీసీ మనకంటే 5 గంటల 30 నిమిషాలు వెనక. అందుకే 6:40 కాస్తా 01:10 అయింది. ఒడిశా తీరంలో ఇది ఇంకో మెలిక పెడుతుంది. అక్కడ జూన్‌లో ఐదు దాటేసరికే వెలుతురు వస్తుంది, మనవాళ్ళు ఎండ పడకముందే పని మొదలుపెడతారు. 5:20కి ఎగరేస్తే యూటీసీలో అది ముందు రోజు రాత్రి 23:50. గంటే కాదు, తేదీ కూడా మారిపోతుంది. జీపీఎస్ అందకముందే ఆన్ చేసిన కొన్ని డ్రోన్లలో అయితే ఫైలు మీద 1980 అని పడుతుంది!

కాబట్టి చేతి గడియారం చూసి పుస్తకంలో భారత కాలమానం రాయాలి. పక్కనే ఆ ఎగురుడు తాలూకు లాగ్ ఫైలు నంబరు రాయాలి. ఈ రెండూ ఒక వరుసలో ఉంటే తేడా 5:30 అని ఎవరికైనా చూపించవచ్చు. తరవాత ఎప్పుడో గుర్తు తెచ్చుకుని రాసింది ఇక్కడ పనికిరాదు. దిగిన వెంటనే, తర్వాతి ట్యాంకు నింపేలోపు రాయాలి. పది లీటర్ల ట్యాంకుతో ఎకరానికో ఎగురుడు లెక్కన, ఇరవై ఎకరాలు చేస్తే ఇరవై వరుసలు. "ఈరోజు 20 ఎకరాలు" అని సాయంత్రం ఒక్క ముక్క రాసి ఊరుకుంటే అది కూలి లెక్క అవుతుంది, లాగ్ అవ్వదు.

ఇక మెషిన్‌కి తెలియనివి. ఎవరి చేను, ఏ మందు, లీటరుకి ఎంత, ఏ నాజిల్, పక్కన ఏ పంట, నేల మీద గాలి ఎటు నుంచి. గాలి దిక్కు కోసం ఒక గుడ్డ పీలిక కర్రకి కట్టినా చాలు, చూసి రాయండి. పై పత్తి తగాదాలో తీర్పు ఆ ఒక్క మాట మీదే ఆధారపడుతుంది. విస్తీర్ణం ఎకరాల్లో రాసి, పక్కన రైతు చెప్పినది కూడా రాయండి. కర్ణాటకలో ఆయన గుంటల్లో చెబుతాడు, తమిళనాడులో సెంట్లలో. డబ్బు దగ్గర మాట తేడా వచ్చేది అక్కడే.

అన్నిటికంటే నాకు ముఖ్యమనిపించేది బ్యాటరీ గడి. ప్రతి బ్యాటరీకి పెయింటుతో నంబరు వేయండి. ఎగిరే ముందు వోల్టేజి, దిగాక వోల్టేజి, ఎన్ని నిమిషాలు ఎగిరింది, అంతే. సెల్‌కి నిండు ఛార్జి 4.2 వోల్టులు, అంటే 12 సెల్‌ల బ్యాటరీ 50.4 దగ్గర మొదలవ్వాలి. ఇదే బరువుతో మొన్నటిదాకా తొమ్మిది నిమిషాలు మోసిన 3వ నంబరు బ్యాటరీ ఇప్పుడు ఏడుకే హెచ్చరిక ఇస్తోందంటే పుస్తకంలో ఆ దిగుడు కనబడుతుంది. ఒక్కో ఎగురుడులో మీకు తెలియదు. అన్నీ "10 ని." అని గుండుగుత్తగా రాసేవాళ్ళకి అసలే తెలియదు. ట్యాంకు నిండుగా ఉన్న డ్రోన్ చెరువు మీద ఆగిపోయినప్పుడు తెలుస్తుంది.

చట్టం సంగతి క్లుప్తంగా. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఎగరేసే ముందు డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆంక్షలున్నాయేమో చూడటం తప్పనిసరి. పోలీసులు తాత్కాలికంగా 96 గంటల వరకు రెడ్ జోన్ పెట్టవచ్చు, అది వచ్చి పోతుంది కూడా. యానాంలో, సిరొంచలో, హోసూరులో పక్క రాష్ట్రం కూతవేటు దూరం, ఏ వైపు ఆంక్ష అయినా మనకు తగలవచ్చు. అందుకే చూసిన మ్యాప్‌ని స్క్రీన్‌షాట్ తీసి, చూసిన సమయం పుస్తకంలో వేయండి. ప్రమాదం జరిగితే 48 గంటల్లోపు డీజీసీఏకి తెలియజేయాలి. ఆ గాభరాలో డ్రోన్ గుర్తింపు సంఖ్య యూఐఎన్, పైలట్ సర్టిఫికెట్ నంబరు వెతుక్కోకుండా పుస్తకం మొదటి పేజీలోనే రాసి ఉంచండి. నిబంధనలు మీరితే జరిమానా లక్ష రూపాయల దాకా ఉంటుంది.

ఏ భాషలో రాయాలని మన కుర్రాళ్ళు అడుగుతుంటారు. ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో కన్నడమో ఒడియానో చదివినవాళ్ళు తెలుగు మాటని ఆ లిపిలోనే రాసుకుంటారు. తప్పేం లేదు, చేతికి వేగంగా వచ్చేదే మేలు. అయితే ఆ పుస్తకం రేపు చదివేది సర్వేయరో ఎస్సైయో కావచ్చు. గడుల పేర్లు మాత్రం ఇంగ్లీషులో, అంకెలు మామూలు అంకెల్లో ఉంచి, వివరం గడిలో మీకు వచ్చిన లిపిలో రాయండి.

తప్పు పడితే దిద్ది పూయకండి, వైట్‌నర్ అసలొద్దు. ఒక గీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొడి సంతకం పెట్టండి. కొట్టివేతలున్న పుస్తకాన్ని నమ్ముతారు. ఒకే పెన్నుతో ఒకే ఊపున నింపిన ముప్పై పేజీల్ని చూస్తేనే అనుమానం. పుస్తకం పేజీలు వారానికోసారి ఫోన్‌లో ఫొటో తీసి, డ్రోన్ మెమరీ కార్డులోని లాగ్‌లతో కలిపి ఇంట్లో కంప్యూటర్‌లోకి ఎక్కించండి. కార్డు నిండితే కొన్ని డ్రోన్లు పాత లాగ్‌ల్ని వాటంతట అవే చెరిపేస్తాయి. పత్తి రైతు వచ్చేది సరిగ్గా వాటి కోసమే.