కంప్యూటరుకు ఎంత మెమరీ కావాలి?

అట్లాంటాకు ఉత్తరాన, ఫోర్సైత్ కౌంటీకి ముఖ్యపట్టణమైన కమ్మింగ్ పరిసరాలలో తెలుగు కుటుంబాలు విస్తారంగా స్థిరపడ్డాయి. విద్యార్థులు తమ సొంత కంప్యూటర్లను బడికి తెచ్చుకొనే పద్ధతికి ఈ కౌంటీ పాఠశాలలు 2000 దశకం చివరలోనే శ్రీకారం చుట్టి పేరు పొందాయి. పిల్లవాడి యంత్రం నెమ్మదించినపుడు కొత్తది కొనడమా, పాతదానికి మెమరీ పెంచడమా అన్న ప్రశ్న ఇక్కడి తల్లిదండ్రులకు కొత్త కాదు. ఇరుగుపొరుగున కంప్యూటరు ఉద్యోగులకు కొదవ లేదు గనుక సలహాలకూ కొదవ లేదు. "మెమరీ పెంచండి" అన్నది వాటిలో మొదటిది. అది కొన్ని సందర్భాలలో దివ్యౌషధం, కొన్నింట వృథా వ్యయం.

ప్రోసెసరు తనకు కావలసిన సమాచారాన్ని మెమరీ నుండి తెచ్చుకోవడానికి సుమారు 100 నానోసెకండ్లు పడుతుంది. ఎస్.ఎస్.డి. నుండి అయితే సుమారు 100 మైక్రోసెకండ్లు, గిర్రున తిరిగే పాత హార్డు డిస్కు నుండి దాదాపు 10 మిల్లీసెకండ్లు. ఈ అంకెలు మన ఊహకు అందవు. పొయ్యి ప్రక్కనున్న పోపుల పెట్టెలోనుండి ఆవాలు తీయడానికి 1 సెకండు పడుతుందని అనుకుందాం. అదే లెక్కన ఎస్.ఎస్.డి.కి 17 నిమిషాలు, అంటే కారెక్కి దుకాణానికి వెళ్ళి రావడం. హార్డు డిస్కుకు 28 గంటలు, అంటే హైదరాబాదులో బయలుదేరి విమానాలు మారి అట్లాంటాలో దిగడం!

పోపుల పెట్టె చిన్నదైతే జీలకర్రకు చోటు చేయడానికి ఆవాలను బయటికి పంపాలి. మరుక్షణమే ఆవాలు కావలసివస్తే మళ్ళీ ప్రయాణం. మెమరీ నిండినపుడు కంప్యూటరు చేసేది ఇదే. సమాచారాన్ని చిన్న చిన్న పుటలుగా విభజించి, కొన్నింటిని డిస్కుకు తరలిస్తూ, కొన్నింటిని వెనక్కు తెస్తూ ఉంటుంది. కొంతసేపటికి వంట ఆగిపోయి రాకపోకలే మిగులుతాయి. 'త్రాషింగ్' అనే ఈ దుస్థితికి కారణాలను పీటర్ డెన్నింగ్ 1968లో వివరించాడు. అతడు చెప్పిన కీలకం ఒక్కటే: చేస్తున్న పనికి ఆ సమయాన నిజంగా అవసరమైన సామగ్రి అంతా మెమరీలో ఇమడాలి. ఇమడకపోతే వేగం కుప్పకూలుతుంది. ఇమిడిన తరువాత ఎంత చేర్చినా పెద్దగా ఒరిగేది లేదు.

ఇంత వేగవంతమైన మెమరీకి మతిమరపు మాత్రం సహజగుణం. ఐ.బి.ఎం.లో రాబర్ట్ డెన్నార్డ్ 1966లో ఊహించిన నమూనా ప్రకారం, ప్రతి బిట్టూ ఒక ట్రాన్సిస్టరు ప్రక్కనున్న అతిచిన్న కెపాసిటరులో విద్యుదావేశంగా ఉంటుంది. ఆ కెపాసిటరు చిల్లికుండ వంటిది. సాధారణంగా 64 మిల్లీసెకండ్లలోపు మళ్ళీ నింపకపోతే బిట్టు చెరిగిపోతుంది. ఆ కారడాన్ని అరికట్టడానికే జిర్కోనియం ఆక్సైడు వంటి పదార్థాలను కొద్ది నానోమీటర్ల మందాన పొరలుగా పేరుస్తారు. ఎలక్ట్రానిక్సు విజయమని లోకం కీర్తించే దీనిలో రసాయనశాస్త్రం పాలు తక్కువేమీ కాదు.

ఇక పరీక్ష. రోజూ వాడే కార్యక్రమాలన్నీ తెరచి ఉంచి, విండోస్‌లో కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు మీటలను కలిపి నొక్కితే టాస్కు మేనేజరు వస్తుంది. మెమరీ సగానికి పైగా నిండినట్లు కనిపించినంత మాత్రాన బెంబేలు పడనక్కరలేదు. ఖాళీగా ఉన్న చోటును యంత్రం తెలివిగానే వాడుకుంటుంది. మెమరీ దాదాపు పూర్తిగా నిండి, అదే సమయంలో డిస్కు కూడా ఊపిరి సలపకుండా పనిచేస్తూంటే అది నిజమైన కొరత. మెమరీలో చోటుండి ప్రోసెసరు 100 శాతం చూపుతూంటే రోగం వేరు. మాకింటాషులో యాక్టివిటీ మానిటరు చూపే 'మెమరీ ప్రెషరు' ఆకుపచ్చగా ఉన్నంతకాలం చింత లేదు.

ఉత్తరాలకు, బ్యాంకు పనులకు, స్వదేశంలోని పెద్దలతో వీడియోలో మాట్లాడడానికి 8 గిగాబైట్లు సరిపోతాయి. పదుల కొద్దీ కిటికీలు తెరచి ఉంచే విద్యార్థికి 16 మేలు. ఇంకా హార్డు డిస్కు మీదనే నడిచే యంత్రమైతే ముందు ఎస్.ఎస్.డి. అమర్చడం మంచిది. 2020 నుండి వచ్చిన యాపిల్ సొంత చిప్పుల లాప్‌టాపులలోనూ, పలుచని ఇతర లాప్‌టాపులు అనేకంలోనూ మెమరీ మార్చడం కుదరదు, కొనేనాడే చూసుకోవాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్టు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ప్రోసెసరు పాతదైతే ఎంత మెమరీ చేర్చినా ఆ యంత్రానికి విండోస్ 11 అర్హత రాదు. పైగా కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీ వల్ల 2025 చివరి నెలలలో మెమరీ ధరలు అమాంతం పెరిగాయి. పరీక్షించకుండా కొనడం మునుపటికన్నా ఖరీదైన పొరపాటు.

డి.డి.ఆర్.4 పలక డి.డి.ఆర్.5 గాడిలో ఇమడదు గనుక రకం సరిచూసుకొనే తెప్పించుకోవాలి. పలకను చేతబట్టేముందు ఏదైనా లోహపు వస్తువును తాకి ఒంటిమీది స్థిరవిద్యుత్తును వదిలించుకోవాలి. చలికాలంలో హీటరు వేసి గాలి పొడిబారిన ఇళ్ళలో ఇది మరీ అవసరం.